గుంటూరు మహిళలకు వైద్యాన్ని చేరువ చేసిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్

గుంటూరు: ఆచార వ్యవహారాలను గౌరవిస్తూనే ఆధునిక వైద్యాన్ని ప్రజలకు చేరువ చేయవచ్చునని శతాబ్దం క్రితమే ఆచరణలో నిరూపించిన వైద్యురాలు డాక్టర్ అన్నా సారా కుగ్లర్. గుంటూరులోని కుగ్లర్ ఆసుపత్రి ఆమె పేరుతోనే ప్రసిద్ధి చెందింది.

అన్నా కుగ్లర్ 1856 ఏప్రిల్ 19న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, ఆర్డ్‌మోర్‌లో జన్మించారు. 1879లో పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాల నుండి పట్టభద్రురాలయ్యారు. తొలి భారతీయ మహిళా వైద్యులలో ఒకరైన ఆనందీబాయి జోషి 1886లో పట్టా పొందినది కూడా ఈ కళాశాలలోనే కావడం విశేషం.

1883లో ఆమె గుంటూరు చేరుకున్నారు. అప్పటికి గుంటూరు జిల్లా వేరుగా లేదు. ఈ ప్రాంతం కృష్ణా జిల్లాలో అంతర్భాగంగా ఉండేది. ఆమెను పంపిన లూథరన్ మిషన్ వైద్యురాలిగా నియమించలేదు. గోషా పాటించే ఇండ్లలోని స్త్రీలకు, బాలికలకు విద్య గరపడమే ఆమెకు అప్పగించిన బాధ్యత. అయినప్పటికీ రోగులకు చికిత్స చేయడం ఆమె మానలేదు. వైద్యసేవ ఆవశ్యకతను గుర్తించిన మిషన్ 1885 డిసెంబరులో ఆమెను అధికారికంగా వైద్యురాలిగా నియమించింది. స్త్రీల వైద్యం కోసం లేడీ డఫెరిన్ నిధి ఏర్పాటైన సంవత్సరం కూడా అదే.

పురుష వైద్యుల చేత పరీక్ష చేయించుకోవడానికి స్త్రీలు సమ్మతించని కాలమది. కాన్పు కష్టమైనప్పుడు తల్లీబిడ్డల ప్రాణాలు కేవలం మంత్రసాని అనుభవంపైనే ఆధారపడి ఉండేవి. మరోవైపు, అన్యమతస్థురాలైన విదేశీ వైద్యురాలి స్పర్శను అగ్రవర్ణ కుటుంబాల వారు మైలగా భావించేవారు. వైద్యురాలు అందుబాటులో ఉన్నప్పటికీ వైద్యం అందని ఈ పరిస్థితిని డాక్టర్ కుగ్లర్ ఓర్పుతో ఎదుర్కొన్నారు. పిలిచిన ఇంటికల్లా వెళ్ళి, క్రమంగా ఆ కుటుంబాల విశ్వాసాన్ని చూరగొన్నారు.

1893లో డిస్పెన్సరీ భవనం, 1897లో 50 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఆసుపత్రిలో చేరితే ఎవరు వండినది తినవలసి వస్తుందో, ఎవరి సరసన ఉండవలసి వస్తుందో అన్న సంశయం అనేక కుటుంబాలను వెనుకకు లాగేది. ఈ సమస్యకు స్థానికంగానే పరిష్కారం లభించింది. తమ కుటుంబానికి అందిన వైద్యసేవకు కృతజ్ఞతగా ఏలూరు రాజావారు ఆసుపత్రి సమీపంలో రోగుల బంధువుల కొరకు సత్రం నిర్మింపజేశారు. ఆచారం తప్పకుండానే రోగి చెంత ఉండే వెసులుబాటు దీనివల్ల కలిగింది. ఒక హిందూ జమీందారు, ఒక క్రైస్తవ వైద్యురాలు పరస్పర గౌరవంతో సాధించిన సమన్వయంగా దీనిని పేర్కొనవచ్చు.

ఆమె సహచరులలో డాక్టర్ మేరీ బేర్ ముఖ్యులు. అనంతర కాలంలో చీరాల, రెంటచింతలలోనూ మిషన్ ఆసుపత్రులు వెలిశాయి. ప్రజాసేవకు గుర్తింపుగా బ్రిటిష్ ప్రభుత్వం 1905లో డాక్టర్ కుగ్లర్‌ను కైజర్-ఇ-హింద్ పతకంతో సత్కరించింది. ఆసుపత్రి చరిత్రను వివరిస్తూ ఆమె రచించిన గ్రంథం 1928లో వెలువడింది. 1930 జులై 26న గుంటూరులోనే ఆమె కన్నుమూశారు.

డాక్టర్ కుగ్లర్ ఎదుర్కొన్న ప్రశ్న నేటికీ ప్రాసంగికమే. మిరప కోతల కాలంలో గుంటూరు, పల్నాడు ప్రాంతాలకు కుటుంబాలతో వలస వచ్చే కూలీలకు ఇక్కడి ఆసుపత్రులు కొత్త. పల్నాడు తండాలలో ఇంటి భాష లంబాడీ. రోగి భాష, భోజనం, బిడియం తెలిసినవారు ముందుగా గడప తొక్కినప్పుడే టీకా గానీ, గర్భిణీ పరీక్ష గానీ సకాలంలో అందుతుంది. గ్రామానికి చెందిన మహిళనే ఆశా కార్యకర్తగా ఎంపిక చేయడంలోని ఉద్దేశం ఇదే. ఆరోగ్య కార్యక్రమాల అమలులో ప్రజల విశ్వాసం పొందడం తొలి మెట్టు అని డాక్టర్ కుగ్లర్ జీవితం తెలియజేస్తున్నది.