బ్యాంకు నెలకొల్పిన వైద్యుడు: డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు వత్సరములు నిండిన యీ శుభసమయమున, ఇన్ని పుస్తకములు చదివిన మనము చదువక విడిచిపెట్టుచున్న యొక చిన్న పుస్తకమును తలచుకొనుట యుచితము. అది మన యింటి పెట్టెలో నున్న బ్యాంకు పాసుపుస్తకము. అట్టి పుస్తకము తెలుగువారి యిండ్లకు వచ్చుటకు పాటుపడిన మహనీయులలో డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ముఖ్యులు. వారి జీవితమును తెలిసికొన్నచో బ్యాంకనగా నేమో, దానితో మనమెట్లు వ్యవహరింపవలెనో కూడ తెలియగలదు.

పట్టాభిగారు 1880వ సంవత్సరము నవంబరు 24వ తేదీన ఏలూరునకు సమీపమున నున్న గుండుగొలను గ్రామమున జన్మించిరి. పసితనమునందే తండ్రిని గోల్పోయి పేదరికమున పెరిగిరి. అయినను చదువు విడువక చెన్నపట్టణము చేరి, క్రైస్తవ కళాశాలలో పట్టము పొంది, పిదప వైద్యవిద్య ముగించి, 1906లో బందరున వైద్యవృత్తి ప్రారంభించిరి.

ఆ సంవత్సరముననే చెన్నపట్టణమున నొక పెద్ద ఉపద్రవము సంభవించెను. ఆర్బత్నాటు కంపెనీ యను తెల్లవారి సంస్థ ప్రజలనుండి డిపాజిట్లు స్వీకరించుచుండెడిది. అది 1906 అక్టోబరులో హఠాత్తుగా మూతపడెను. ఉద్యోగులు, వృద్ధులు, వితంతువులు జీవితమంతయు కూడబెట్టిన ధనము మునిగిపోయెను. మన సొమ్ము మనవారి చేతులలో, మన కన్నుల యెదుట నుండవలెనను ఆలోచన అప్పుడు బలపడి, 1907లో చెన్నపట్టణమున ఇండియన్ బ్యాంకు వెలసినది. ఆ ఆలోచన ఆంధ్రదేశమునకు రావలసిన అవసరము మాత్ర మింకను మిగిలియుండెను.

పట్టాభిగారు 1910లో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు మొదలగు మిత్రులతో గూడి బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిరి. రోగికి మందీయగల వైద్యుడు రైతు ఋణమునకు మందీయజాలడు. అందుకు వేరొక వైద్యశాల కావలెను. 1915లో కృష్ణా సహకార కేంద్ర బ్యాంకు స్థాపనకు పట్టాభిగారు పూనుకొనిరి. గ్రామములోని రైతులు సంఘముగ నేర్పడుట, ఆ సంఘములకు కేంద్ర బ్యాంకు పెట్టుబడి సమకూర్చుట, పంట చేతికి వచ్చినప్పుడు రైతు తిరిగి చెల్లించుట అనునది సహకార పద్ధతి. పదియేండ్లపాటు సాగిన వైద్యవృత్తిని పిమ్మట వారు పూర్తిగ విడిచి దేశసేవకు అంకితమైరి.

1923 నవంబరు 20వ తేదీన ఆంధ్ర బ్యాంకు రిజిస్టరు చేయబడెను. ఆ నెల 28వ తేదీననే బందరున వ్యవహారము ప్రారంభమాయెను. అధీకృత మూలధనము పది లక్షల రూపాయలు. నిజముగ చెల్లింపబడినది ఒక లక్ష మాత్రమే. పిదప 1925లో ఆంధ్ర ఇన్సూరెన్సు కంపెనీ, 1929లో భారత లక్ష్మీ బ్యాంకు, 1935లో హిందూస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్సు కంపెనీ వారి కృషివలన వెలసినవి. తమ సంస్థలలో ఉత్తరప్రత్యుత్తరములు తెలుగున జరుగవలెనని వారు పట్టుబట్టిరి. తనకు రాని భాషలోని కాగితముపై వ్రేలిముద్ర వేయువాడు ఇతరుల మాటపై ఆధారపడక తప్పదు. ఈ పట్టుదలయొక్క విలువ అట్టివారికే తెలియును.

ఆ కాలమున మన మానుకోట ప్రాంతము నైజాము రాజ్యములో నుండెను. ఇచట చెల్లినది ఉస్మానియా సిక్కా. విత్తులకు సాహుకారునొద్ద నాగు తెచ్చిన రైతు కోతల నాటికి ఒకటికి ఒకటిన్నర కొలిచి యిచ్చుచుండెను. ఎంత తెచ్చెనో ఎంత తీర్చెనో సాహుకారు లెక్కల పుస్తకమునకే యెరుక. రైతు చేత నే పుస్తకమును లేదు. 1941 నాటి చట్టముననుసరించి హైదరాబాదు స్టేట్ బ్యాంకు స్థాపింపబడినది. అదియే 1956లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు అయి, 2017లో భారతీయ స్టేట్ బ్యాంకులో లీనమాయెను. గ్రామములకు బ్యాంకులు వచ్చుటకు మాత్రము మరికొన్ని దశాబ్దములు పట్టినది.

పట్టాభిగారు 1935లో భారత జాతీయ కాంగ్రెసు చరిత్రను రచించిరి. 1939లో కాంగ్రెసు అధ్యక్షపదవికి పోటీచేసి సుభాస్ చంద్రబోసుగారి చేతిలో ఓడిపోయిరి. 1942లో క్విట్ ఇండియా ఉద్యమమున అరెస్టయి అహమ్మదునగరు కోటలో బందీగ నుండిరి. 1948లో జయపురమున జరిగిన కాంగ్రెసునకు అధ్యక్షులైరి. 1952 నుండి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగ పనిచేసి, 1959 డిసెంబరు 17వ తేదీన హైదరాబాదున పరమపదించిరి. ఆంధ్ర బ్యాంకు 1980 ఏప్రిలు 15వ తేదీన జాతీయము చేయబడినది. 2020 ఏప్రిలు 1వ తేదీన యూనియన్ బ్యాంకులో విలీనమైనది. పేరు మారినను, ఖాతాదారులకు చెల్లింపవలసిన బాధ్యత క్రొత్త బ్యాంకునకు సంక్రమించినది.

వారి జీవితమునుండి మనము నేర్వవలసినదేమి? బ్యాంకు నమ్మకముపై నిలుచును. ఆ నమ్మకమును కాపాడునది లెక్క. మనము బ్యాంకులో వేయు సొమ్ము నిజమునకు మనము బ్యాంకునకిచ్చు అప్పు. దానిని బ్యాంకు మరియొకరికి వడ్డీకిచ్చి, ఆ వడ్డీలో కొంత మనకిచ్చును. నిత్యావసరములకు పొదుపు ఖాతా చాలును. కొంతకాలము ముట్టనక్కరలేని ధనమును గడువు డిపాజిట్టుగ నుంచినచో సాధారణముగ హెచ్చు వడ్డీ వచ్చును. వ్యాపారికి కరెంటు ఖాతా యుక్తము. 2014లో ఆరంభమైన జన్‌ధన్ పథకమువలన కనీస నిలువ లేకయే ఖాతా తెరువవచ్చును. చదువురానివారికిని వ్రేలిముద్రతో ఖాతా కలదు.

పాసుపుస్తకమున మూడు వరుసలు చూడవలెను: జమ, ఖర్చు, నిలువ. మిరపకాయలో ప్రత్తియో అమ్మిన సొమ్ము జమయైనదా, మనము తీయని సొమ్మేదైన ఖర్చువ్రాయబడినదా యని నెలకొకసారి సరిచూచుకొనవలెను. సొమ్ము కట్టిన రసీదును అది పుస్తకమున పడువరకు దాచవలెను. చెక్కు తేదీనుండి మూడు నెలలే చెల్లును. దాని మూలన రెండడ్డగీతలు గీసినచో ఆ సొమ్ము చేతికీయక ఖాతాలోనే వేయుదురు. ఖాళీ చెక్కుపై సంతకము చేసి యెవ్వరికి నీయరాదు. కార్డు రహస్యసంఖ్యగాని, ఫోనునకు వచ్చు ఓటీపీగాని అడుగువాడు బ్యాంకు పేరు చెప్పినను ఈయరాదు.

నామినీ పేరు వ్రాయించుట మరువరాదు. ఇంటి యజమాని గతించిన పిదప నామినీ లేక కాగితములకై తిరుగు కుటుంబముల కష్టము వర్ణింపనలవికాదు. పదేండ్లు ఎవ్వరును కదల్పని ఖాతాలోని ధనము రిజర్వు బ్యాంకు నిధికి పోవును. అయినను వారసులు దానిని బ్యాంకుద్వారా కోరి పొందవచ్చును.

ఆర్బత్నాటు నాటి భయమునకు నేడు కొంత మందు కలదు. 1960లో కేరళమున పాలై సెంట్రల్ బ్యాంకు కూలిన పిమ్మట, 1962లో డిపాజిట్లకు భీమా ఏర్పడినది. అప్పు డది 1,500 రూపాయలు; 2020 నుండి ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కరికి, అసలు వడ్డీలు కలిపి, ఐదు లక్షల వరకు కలదు. గ్రామ సహకార సంఘములకు, చిట్టీలకు ఇది వర్తింపదు. కావున హెచ్చు వడ్డీ యాశ చూపువానిచేతిలో సొమ్ము పెట్టుటకు ముందు ఈ భీమా కలదా యని అడుగుట మేలు.

బందరు వైద్యులు లక్ష రూపాయలతో నాటిన విత్తు మహావృక్షమైనది. ఆ నీడలో నిలుచు మనము చేయవలసినది స్వల్పమే. ఈ గ్రంథాలయమున అక్షరములు నేర్చిన ప్రతివారును ఇంటికేగి తమ పాసుపుస్తకమునొకసారి విప్పి చదువుదురుగాక. చదువురాని యిరుగుపొరుగువారికి చదివి వినిపింతురుగాక. అదియే పట్టాభిగారికి మనమర్పింపగల నివాళి.