ఆలంపూర్ గుళ్లకు పెద్దదిక్కు

జోగులాంబ అమ్మవారి దర్శనానికి ఆలంపూర్ వెళ్లడం మన ఆడవాళ్లకు కొత్తేమీ కాదు. పొద్దున్నే లేచి పులిహోర కలిపి డబ్బాలో సర్దుకుని బయల్దేరితే, కర్నూలు వాళ్లు మధ్యాహ్నానికి, హైదరాబాద్ వాళ్లు రాత్రికి ఇల్లు చేరిపోవచ్చు. అమ్మవారికి చీర, సారె సమర్పించుకుంటాం. తుంగభద్రలో నాలుగు నీళ్లు నెత్తిన చల్లుకుంటాం. పక్కనే వరసగా కనిపించే పాత రాతి గుళ్ల వైపు ఒక చూపు చూసి, పిల్లలు ఆకలంటున్నారని బస్సెక్కేస్తాం.

మెక్సికోలో సముద్రపు ఒడ్డున హోటళ్లలో దిగిన యాత్రికులు ఒక రోజు కేటాయించుకుని మయా జాతివాళ్ల చిచెన్ ఇట్జా శిథిలాలు చూసి వస్తారు. ఆ పేరు లోకమంతా తెలుసు. మన ఆలంపూర్ గుళ్లు కూడా పదమూడు వందల ఏళ్ల నాటివి. వాటి విలువ ముందు మన తెలుగువాళ్లకే తెలియాలని ఒక మనిషి జీవితమంతా తపించారు. ఆయనే గడియారం రామకృష్ణ శర్మ.

శర్మగారు 1919 మార్చి 6న అనంతపురం జిల్లాలో పుట్టారు. చిన్నతనంలోనే ఆలంపూర్ చేరారు. అప్పుడది నిజాం రాజ్యం. సర్కారు పనులన్నీ ఉర్దూలోనే నడిచేవి. తెలుగు చక్కగా చదువుకోవాలంటే గురువును వెతుక్కుంటూ పోవాల్సిన రోజులు. ఆయనకు దొరికిన గురువు సామాన్యులు కారు, శతావధాని వేలూరి శివరామశాస్త్రిగారు. ఆ చదువుతో శర్మగారికి తెలుగు, సంస్కృతాలు రెండూ పట్టుబడ్డాయి. ఆ రెండూ వస్తే పురాణం చెప్పుకుంటూ హాయిగా బతకవచ్చు. ఆయన మాత్రం గుళ్ల గోడల మీద, స్తంభాల మీద ఉన్న పాత రాతలు చదవడానికి పూనుకున్నారు.

శాసనం చదవడం అంటే మాటలు కాదు. వెయ్యేళ్ల కిందటి లిపి మన అక్షరాల్లా ఉండదు. ఎండకీ వానకీ సగం అరిగిపోయి ఉంటుంది. ఒక్కో అక్షరం కూడబలుక్కోవాలి. అలా చదివితేనే గదా ఏ గుడి ఎవరు కట్టించారో తెలిసేది! బాదామి చాళుక్యుల కాలంలో, ఏడో శతాబ్దంలో మొదలై ఇక్కడ తొమ్మిది గుళ్లు లేచాయి. తార, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ బ్రహ్మలు. పేర్లు బ్రహ్మవే అయినా ఇవన్నీ శివాలయాలు. వీటిలో స్వర్గబ్రహ్మ గుడిని వినయాదిత్యుడు రాజుగా ఉన్నప్పుడు రాణిగారి గౌరవార్థం కట్టించారని అక్కడి శాసనమే చెబుతోంది. అంత పాత గుడి ఒక ఆడమనిషి గౌరవం కోసం లేచిందని తెలిస్తే, దాని ముందు మరో నిమిషం నిలబడాలనిపించదూ?

శర్మగారు తెలంగాణ శాసనాల రెండో సంపుటానికి సంపాదకత్వం వహించారు. మాధవ విద్యారణ్యుల చరిత్ర రాశారు. సుజాత అనే మాసపత్రికకు సంపాదకులుగా ఉన్నారు. పని మీద ఎక్కడికి వెళ్లినా ఆయన మనసు మాత్రం ఆలంపూర్‌లోనే ఉండేది.

1953లో ఆయన తలకెత్తుకున్న పని ఒకటి ఇప్పటికీ సాహిత్యకారులు చెప్పుకుంటారు. ఆంధ్ర సారస్వత పరిషత్తు వార్షికోత్సవాలను ఆలంపూర్‌లో జరిపించారు. అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. కాళోజీ రాసిన నా గొడవను శ్రీశ్రీ ఆవిష్కరించింది కూడా ఆ సభల్లోనే. నగరంలో చేస్తే సులువుగా అయిపోయే పండగని శర్మగారు నది ఒడ్డున ఉన్న చిన్న ఊరికి పట్టుకొచ్చారు. పెద్దలందరి కళ్లూ ఒక్కసారి ఆ గుళ్ల మీద పడాలనే ఆరాటం అందులో లేకపోలేదు. ఇప్పటిలా లాడ్జీలు, హోటళ్లు లేని ఊళ్లో అంతమంది అతిథులకు కాఫీలు, భోజనాలు అందాయంటే, పేర్లు ఎక్కడా నమోదు కాని ఇల్లాళ్లు ఎందరు పొయ్యి ముందు నిలబడ్డారో ఊహించుకోవచ్చు.

ఆ తర్వాత పెద్ద గండం వచ్చింది. శ్రీశైలం ప్రాజెక్టు కట్టారు. కరెంటు, నీళ్లు అందరికీ కావలసినవే. కానీ కృష్ణ, తుంగభద్రల ఒడ్డున ఉన్న దాదాపు వంద ఊళ్లు ముంపులోకి వెళ్లాయి. ఇళ్లు, పొలాలు, ఇంటి ముందు తులసికోట, అన్నీ వదిలి జనం 1981లో కట్టుబట్టలతో కదిలారు. ఆలంపూర్ గుళ్లకూ అదే ముప్పు. వాటిని కాపాడాలని గట్టిగా అడిగినవాళ్లలో శర్మగారు ముందున్నారు. చివరికి నవబ్రహ్మ ఆలయాల చుట్టూ నది వైపు రక్షణ గోడ కట్టారు. రెండు నదులు కలిసే కూడవెల్లిలోని సంగమేశ్వరాలయాన్ని, పాపనాశి గుళ్లను రాయి రాయీ విప్పి, గుర్తులు వేసి, తెచ్చి ఆలంపూర్ దగ్గర మళ్లీ నిలబెట్టారు. ఈజిప్టులో ఆస్వాన్ ఆనకట్ట కట్టినప్పుడు అబూ సింబెల్ గుళ్లను కూడా 1960లలో ఇలాగే ఎత్తుకు చేర్చారు.

ఇందులో ఒక చిత్రం ఉంది. ఎనిమిదో శతాబ్దంలో విజయాదిత్యుడి ఆజ్ఞతో ఈశానాచార్యులనే ఆయన ఇక్కడ ప్రాకారం కట్టించినట్టు ఆలంపూర్ శాసనం ఒకటి చెబుతుంది. అంటే ఈ గుళ్ల చుట్టూ గోడ కావాలని అనుకున్నవాళ్లు రెండుసార్లు పుట్టారన్నమాట.

గోడ కట్టాక భయం పూర్తిగా పోయిందా అంటే, లేదు. 2009 అక్టోబరు వరదల్లో ఆలంపూర్‌లోకి నీళ్లు వచ్చాయి. అందుకే ఇలాంటి చోటుకి ఎప్పుడూ ఒక పెద్దదిక్కు ఉండాలి. సర్కారు శాఖలు ఉంటాయి, ఫైళ్లు ఉంటాయి. అవి కదలాలంటే ఊళ్లో ఎవరో ఒకరు గుర్తు చేస్తూ, ఉత్తరాలు రాస్తూ, విసుగు లేకుండా తిరుగుతూ ఉండాలి. మన ఇంట్లో అత్తగారో, అమ్మో అందరి మందులూ గుర్తు పెట్టుకున్నట్టు.

పద్నాలుగో శతాబ్దం చివర్లో ధ్వంసమైన జోగులాంబ గుడిని మళ్లీ కట్టి 2005లో తెరిచేనాటికి శర్మగారు 86వ ఏట ఉన్నారు. మరుసటి సంవత్సరం జూలై 25న కన్నుమూశారు. ఆయన ఆత్మకథ శతపత్రానికి 2007లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అందుకోవడానికి ఆయన లేరు.

ఈసారి ఆలంపూర్ వెళ్తే ఇంకో రెండు గంటలు ఎక్కువ ఉండేలా చూసుకోండి. అమ్మవారి దర్శనం అయ్యాక తొమ్మిది గుళ్లూ నెమ్మదిగా తిరగండి. స్వర్గబ్రహ్మ గుడి గోడల మీది శిల్పాలు పిల్లలకు చూపించండి. మ్యూజియంలో లజ్జాగౌరి శిల్పం ఉంది. పిల్లలు కావాలని ఒకప్పుడు ఆడవాళ్లు ఆమెకు మొక్కుకునేవారు. తర్వాత పాపనాశి వెళ్లి మెట్లు మెట్లుగా పేర్చినట్టుండే ఆ కప్పుల్ని, సంగమేశ్వరుణ్ణి చూడండి. ఆ రాళ్లు ఒకసారి ఊడదీసి మళ్లీ పేర్చినవని చెబితే పిల్లలు తడిమి తడిమి చూస్తారు. అప్పుడు వాళ్లకి రామకృష్ణ శర్మగారి పేరు కూడా చెప్పండి. పులిహోర తినడం కాస్త ఆలస్యమైనా ఫరవాలేదు.