గౌతమీ బాలశ్రీ

శాతకర్ణి సినిమా టీవీలో ఎప్పుడొచ్చినా మా ఇంట్లో చూస్తారు. ఆయన పేరు ముందున్న గౌతమి ఆయన తల్లి బాలశ్రీ. నాసిక్ గుహలో ఆమె పేరుతో రెండు శాసనాలున్నాయి, ప్రాకృతంలో.

కొడుకు ఏలుబడి 24వ ఏట తల్లీకొడుకులు బౌద్ధ భిక్షువులకు భూమి ఇచ్చారు. అంతకుముందు ఇచ్చిన పొలం దున్నేవాళ్ళు లేక బీడు పడిందట, ఊరే ఖాళీ అయిందట. ఆ శాసనం ఆమెను కొడుకు బతికున్న తల్లి అంటుంది.

మనవడు పులుమావి 19వ ఏటి శాసనంలో ఆ మాట లేదు. అప్పటికి కొడుకు లేడంటారు. క్షహరాత వంశాన్ని తుడిచిపెట్టాడనీ, ఆయన గుర్రాలు మూడు సముద్రాల నీళ్ళు తాగాయనీ తల్లే చెక్కించింది. వర్ణాలు కలవకుండా ఆపాడనీ మెచ్చుకుంది (ఇది మాత్రం నాకు నచ్చలేదు). తానేమో రాజర్షి ఇల్లాలిలా నియమాలతో బతికింది. ఆ గుహను భిక్షువులకే ఇచ్చేసింది.