విప్పి, మళ్ళీ బిగించిన మనిషి: జి.డి. నాయుడు

ఉప్పల్ క్రాస్ రోడ్స్ నుంచి నాచారం ఇండస్ట్రియల్ ఏరియా దాకా ఒకసారి తిరిగి చూడండి. డెలివరీ అన్నలవి, షిఫ్టుకి పోయే వర్కర్లవి, మన క్లాస్‌మేట్లవి, ఎక్కడ చూసినా ఎలక్ట్రిక్ బండ్లే. అందులో ఏదో ఒక ఎలక్ట్రిక్ సైకిల్ వెనక చక్రం గుంతలో పడి వంకర పోయిందనుకోండి. మనకి మొదట వినిపించే సలహా ఒక్కటే, చక్రం మొత్తం మార్చెయ్ అని. మోటారు హబ్ లోపలే ఉంటుంది కాబట్టి, రిమ్ము వంగితే మోటారుతో సహా కొత్తది కొనాల్సిందే అని చాలామంది నమ్మేస్తారు. విప్పి చూద్దాం అనేవాళ్ళు తక్కువ.

విప్పి చూడటంతోనే జీవితం మొదలుపెట్టిన ఒక తెలుగువాడి గురించి ఈ నెల రాస్తున్నాను. ఆయన పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. లోకానికి జి.డి. నాయుడు. భారతదేశపు ఎడిసన్ అని ఆయనకి పేరు. తమిళనాడులో బడిపిల్లలకి కూడా తెలిసిన ఈ పేరు మన దగ్గర చాలామందికి తెలీదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు కోయంబత్తూరు ప్రాంతంలో తరాల నుంచీ ఉన్నాయి. అలాంటి ఒక రైతు కుటుంబంలో, కలంగల్ అనే ఊళ్ళో, 1893 మార్చి 23న ఆయన పుట్టారు. చిన్నప్పుడే తల్లి పోయింది. బడి అస్సలు పడలేదు. ప్రాథమిక తరగతుల్లోనే చదువు ఆగిపోయింది. ఆ తరవాత చదివిందంతా సొంతంగా చదువుకున్నదే.

కుర్రతనంలో ఒకరోజు ఆయన ఊరివైపు ఒక బ్రిటిష్ రెవెన్యూ అధికారి రడ్జ్ మోటార్ సైకిల్ మీద వచ్చాడు. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి మాత్రం పరిగెడుతోంది. చూసినవాళ్ళంతా ఆశ్చర్యపోయి ఇళ్ళకి పోయారు. నాయుడు మాత్రం దాన్ని కొనాలని నిర్ణయించుకున్నారు. చేతిలో డబ్బు లేదు. కోయంబత్తూరు వెళ్ళి ఒక హోటల్లో సర్వర్‌గా చేరారు. ఏళ్ళ తరబడి పైసా పైసా కూడబెట్టి, అదే బండిని అదే అధికారి దగ్గర కొన్నారు. దాన్ని నడిపి ఊరంతా తిరగొచ్చు కదా? ఆయన చేసిన పని వేరే. బండిని ఏ ముక్కకాముక్క విప్పేశారు. ఏది దేన్ని తిప్పుతోందో చూసి, మళ్ళీ బిగించారు. మెకానిక్ నాయుడు అక్కడ పుట్టారు.

ఇది వినడానికి సరదాగా ఉంటుంది గానీ, చేసి చూస్తే అంత తేలిక కాదు. విప్పడం ఎవరైనా విప్పుతారు. బిగించడానికే క్రమం గుర్తుండాలి. మన హబ్ మోటారు చక్రాన్నే తీసుకుందాం. ముందు బ్యాటరీ తీసేయాలి. తరవాత మోటారు వైర్ల కనెక్టర్ దగ్గర ఫొటో తీసుకోవాలి. లావుపాటి మూడు వైర్లు మోటారు ఫేజులవి. సన్నవి అయిదు ఉంటే అవి రోటరు ఎక్కడుందో చెప్పే హాల్ సెన్సర్లవి. ఇరుసు మీద వాషర్లు ఏ వరసలో ఉన్నాయో కూడా ఫొటోలో పడాలి. ఆ తరవాతే నట్లు విప్పాలి.

చక్రం బయటికొచ్చాక టైరు, ట్యూబు తీసి రిమ్ముని చూడాలి. కొంచెం పక్కకి ఊగుతుంటే పుల్లలు సరిచేస్తే చాలు. పుల్ల దిగే రంధ్రం దగ్గర చీలిక ఉన్నా, గుంత దెబ్బకి రిమ్ము లోపలికి బాగా నొక్కుకుపోయినా రిమ్ము మార్చాలి. అప్పుడు కూడా మోటారు పారెయ్యక్కర్లేదు. అదే సైజు, అన్నే రంధ్రాలు, అంతే లోతు ఉన్న రిమ్ము దొరికితే పాత పుల్లలే సరిపోతాయి. పుల్లలన్నీ కొంచెం కొంచెం వదులు చేసి, కొత్త రిమ్ముని పాతదాని పక్కన పెట్టి, వాల్వు రంధ్రాలు ఎదురెదురుగా వచ్చేలా టేపుతో కట్టి, ఒక్కో పుల్లని పాత రిమ్ములోంచి తీసి కొత్తదాంట్లోకి మార్చుకుంటూ పోవాలి. అల్లిక చెడిపోదు.

ఈ అల్లిక ఊరికే పెట్టింది కాదు. 1874లో ఇంగ్లండులో జేమ్స్ స్టార్లీ పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. పుల్లలు హబ్ నుంచి నిటారుగా కాకుండా ఏటవాలుగా బయలుదేరతాయి. హబ్ తిప్పే బలం రిమ్ముకి చేరాలంటే ఆ వాలు కావాలి. మామూలు సైకిల్ కంటే హబ్ మోటారుకి ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే మోటారు బలమంతా ఆ పుల్లల గుండానే పోవాలి.

తరవాతది సైకిల్ షాపుల్లో బెండు తియ్యడం అనే పని. చక్రాన్ని బండికే తగిలించి, ఫ్రేముకి ఒక ప్లాస్టిక్ ట్యాగు కట్టి, దాని కొస రిమ్ముకి దగ్గరగా పెట్టి తిప్పాలి. రిమ్ము కుడికి పోతే అక్కడ ఎడమవైపు పుల్లలు పావు చుట్టు బిగించాలి, కుడివైపువి అంతే వదలాలి. పావు చుట్టే. తొందరపడితే ఇంకోచోట వంకర వస్తుంది. చివర్లో ఇరుసు తిరిగిపోకుండా ఆపే వాషరో, టార్క్ ఆర్మో ఉంటే దాన్ని తప్పకుండా పెట్టాలి. లేకపోతే మోటారు ఇరుసునే తిప్పేసి వైర్లు తెంపేస్తుంది. ఇంకో మాట, స్కూటర్లకి వచ్చే పోత అల్యూమినియం చక్రం పగిలితే మాత్రం ఇంట్లో ప్రయోగాలొద్దు. అది మార్చాల్సిందే.

మళ్ళీ నాయుడు దగ్గరికొద్దాం. 1920లో ఆయన ఒకే ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టారు. కోయంబత్తూరులోని ఆంగ్లేయ వ్యాపారి రాబర్ట్ స్టేన్స్ అందుకు సాయపడ్డారు. ఆ ఒక్క బస్సే పెరిగి ఒక పెద్ద బస్సు సంస్థ అయింది. దేశంలో పద్ధతిగా నడిచే బస్సు సంస్థల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. బండ్లు చెడితే బాగు చేసుకునే చేతులు సొంతంగా ఉండటం దానికి పెద్ద బలం.

1937లో కోయంబత్తూరు దగ్గర పీలమేడులో డి. బాలసుందరం నాయుడుతో కలిసి ఎలక్ట్రిక్ మోటారు తయారు చేశారు. మన దేశంలో తయారైన తొలి మోటారుగా దాన్ని చెప్పుకుంటారు. ఈ రోజు మోటార్లకీ పంపుసెట్లకీ కోయంబత్తూరు పేరు చెబుతున్నామంటే దాని వెనక ఆ పని ఉంది. డ్రై సెల్‌తో నడిచే షేవింగ్ రేజరు, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, పళ్ళరసం తీసే యంత్రం, ఓట్లు నమోదు చేసే యంత్రం కూడా ఆయన చేతిలోంచే వచ్చాయి. 1941లో 70 రూపాయలకే అయిదు వాల్వుల రేడియో ఇస్తానన్నారు. 1952లో 2,000 రూపాయలకి ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు తయారు చేశారు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. కారు అక్కడే ఆగిపోయింది. పన్నుల మీద కోపంతో తాను చేసిన వస్తువుల్ని తానే జనం ముందు పగలగొట్టించిన మనిషి కూడా ఆయనే. అంత కష్టపడి చేసినవాటిని అలా పాడుచెయ్యడం సబబా అని మనం వాదించుకోవచ్చు. బిగించడం తెలిసినవాడికి విరిచేటప్పుడు ఎంత బాధ ఉంటుందో కూడా ఊహించుకోవచ్చు.

మనకి సూటిగా తగిలే ఘట్టం 1945ది. బడి మానేసిన ఈ మనిషే ముందు నిలబడి, విరాళాలిచ్చి, అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు మీద కోయంబత్తూరులో పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కాలేజీ పెట్టించారు. ఆ కాలేజీయే ఇప్పటి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ. ఇంజనీరు కావడానికి నాలుగేళ్ళు అక్కర్లేదు, గట్టిగా నేర్పితే రెండేళ్ళు చాలన్నది ఆయన వాదన. రేడియో, ఆటోమొబైల్ కోర్సులు రోజుకి అయిదు సెషన్ల చొప్పున నడిపి చూపించారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1946లో ప్రిన్సిపాల్ పదవికి రాజీనామా చేసేశారు.

1974 జనవరి 4న ఆయన కన్నుమూశారు. కోయంబత్తూరులో ఆయన పేరు మీద మ్యూజియం ఉంది. 2025లో అవినాశి రోడ్డు మీద ప్రారంభమైన పొడవాటి ఫ్లైఓవర్‌కి కూడా ఆయన పేరే పెట్టారు.

రెండేళ్ళు చాలన్న ఆయన మాట పూర్తిగా నిజమని నేను అనను. టార్క్ లెక్క రాకపోతే పుల్ల ఎందుకు తెగుతుందో తెలీదు, ఆ లెక్కకి క్లాసు కావాలి. కానీ నాలుగేళ్ళూ టార్క్ లెక్కలు చేసి, ఒక్క చక్రమైనా విప్పకుండా బయటికి పోతే ఆయన ముందు మన దగ్గర జవాబు ఉండదు. నాచారంలో పాత రిమ్ములకి, స్పోక్ కీకి పెద్ద ఖర్చేం కాదు. ఈ సెలవుల్లో ఎవరి సైకిల్ చక్రమైనా ఊగుతుంటే, మార్చెయ్ అనేముందు ఒక ఫొటో తీసుకుని నట్టు మీద స్పానర్ పెట్టండి.