శిలాశాస్త్రవేత్త ప్రమథనాథ బోసుగారు

వంగదేశమున 1855వ సంవత్సరమున జన్మించిన ప్రమథనాథ బోసుగారు గిల్‌క్రిస్టు విద్యార్థివేతనముతో లండను నగరమున కేగి భూగర్భశాస్త్రము నభ్యసించిరి. 1880లో భారత భూగర్భ పరిశోధనశాఖయందు జేరి, శిలల గుణములను, లోహపు పాళ్లను, పుట్టుకను బరీక్షించుచు నడవుల వెంట దిరిగిరి. 1903లో తమకంటె పిన్నయగు నాంగ్లేయునకు శాఖాధిపత్య మొసగబడగా, వారు కొలువు విడిచిరి.

పిమ్మట మయూరభంజ సంస్థానమున నుద్యోగించి, గోరుమహిసాని కొండయందు నూటికి 60 పాళ్లు మించి యినుముగల రాతిని గనుగొని, 1904 ఫిబ్రవరి 24వ తేదీన జంషెడ్జీ టాటాగారికి లేఖ వ్రాసిరి. టాటాగారు ఆ యేడే గతించినను, వారి కుమారుల పూనికచే సాక్చి గ్రామమున కర్మాగారము వెలసి, 1912లో ఉక్కు వెలువడెను. బోసుగారు 1934లో కీర్తిశేషులైరి.

ఒక విద్యార్థివేతనము ఫలించిన విధ మిది. మన సంఘపోషకులు వేతనము లొసగునపుడు శిలాశాస్త్రము నభ్యసింపగోరు బాలురను, బాలికలను మరువకుందురుగాక యని మేము ప్రార్థించుచున్నాము.