‘స్కేప్‌గోట్’ వెనుక ఒక హతసాక్షి

ఎవరో చేసిన తప్పును మరొకరి నెత్తిన రుద్దితే, పాపం ఆయన ‘స్కేప్‌గోట్’ అయ్యాడంటాం. ఆఫీసుల్లో, రాజకీయాల్లో తరచూ వినిపించే ఈ ఇంగ్లిషు మాట పుట్టింది బైబిలులోనే. దాన్ని పుట్టించినవాడు విలియం టిండేల్.

1494 ప్రాంతంలో ఇంగ్లండులో జన్మించిన టిండేల్ ఆక్స్‌ఫర్డ్‌లో చదివి మతగురువయ్యాడు. అప్పట్లో చర్చిల్లో వాక్యమంతా లాటిన్‌లోనే! బిషప్పుల అనుమతి లేకుండా బైబిలును ఇంగ్లిషులోకి అనువదించడం నేరం. నాగలి పట్టే కుర్రాడికి కూడా దేవుని వాక్యం తెలియాలన్నది టిండేల్ తపన. లండన్ బిషప్పు సహకరించకపోవడంతో 1524లో ఆయన దేశం విడిచాడు. గ్రీకు నుంచి అనువదించిన కొత్త నిబంధనను 1526లో జర్మనీలోని వర్మ్స్‌లో అచ్చు వేయించాడు. బట్టల మూటల్లో దాచి ఆ ప్రతులను ఇంగ్లండుకు చేర్చారు. బిషప్పు దొరికినవాటిని దొరికినట్టే తగులబెట్టించాడు.

అయినా టిండేల్ ఆగలేదు. 1530లో పంచకాండాల అనువాదం వెలువడింది. లేవీయకాండము 16వ అధ్యాయంలో ప్రధాన యాజకుడు ప్రజల పాపాలన్నీ ఒప్పుకొని, వాటిని ఒక మేక తలపై మోపి దాన్ని అరణ్యంలోకి పంపిస్తాడు. అలా వెళ్లిపోయే మేకకు టిండేల్ కల్పించిన పేరే ‘స్కేప్‌గోట్’. ‘ఎట్ వన్’ అంటే ఒక్కటై ఉండటం. అందులోంచి వచ్చిన ‘అటోన్‌మెంట్’ను బైబిలులోకి తెచ్చింది కూడా ఆయనే. రోమా 5:11లో ఆయన ఆ మాట వాడినచోట మన తెలుగు బైబిలులో సమాధానస్థితి అని ఉంది.

1535లో స్నేహితుడిగా నటించిన ఒకడు ఆంట్వెర్ప్‌లో టిండేల్‌ను పట్టించాడు. బ్రస్సెల్స్ దగ్గరి విల్వోర్డ్ కోటలో ఏడాదికి పైగా చెరలో ఉంచి, 1536లో మెడకు ఉరి బిగించి చంపి, దేహాన్ని కాల్చేశారు. ఇంగ్లండు రాజు కళ్లు తెరిపించమని ప్రార్థిస్తూ ఆయన ప్రాణం విడిచాడంటారు. రెండేళ్లకే, 1538లో, ప్రతి చర్చిలో ఇంగ్లిషు బైబిలు ఉంచాలని అదే రాజు ప్రభుత్వం ఆజ్ఞాపించింది. 1539లో అచ్చయిన ఆ బైబిలులో ఎంతో భాగం టిండేల్ అనువాదమే!

టిండేల్ ఇచ్చిన మాటను లోకం తీసుకుంది గానీ దాని వెనుక ఉన్న ఒప్పుకోలును మరచిపోయింది. లేవీయకాండములో యాజకుడు ముందుగా ప్రజల పాపాలను ఒప్పుకొన్నాడు. మనమైతే ఇంట్లో భార్య మీదో, సంఘంలో తోటి విశ్వాసి మీదో నెపం వేసి తప్పించుకుంటున్నాం. మన దోషాలన్నిటినీ భరించి యేసుక్రీస్తు గవిని వెలుపల శ్రమపొందాడు కదా! మన తప్పు మోయడానికి ఇంకెవరినీ వెదకనక్కరలేదు. ఆయన ఎదుట దాన్ని ఒప్పుకుంటే చాలు.