నట్టలపై నోటి మందు: యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితము

తొలకరి వానలకు పచ్చిక మొలచినంతనే మేకలకును దూడలకును నట్టల మందు త్రాగించుట నేడు మన పల్లెలలో సామాన్య విషయము. నూఱు సంవత్సరముల క్రిందట ఇది ఇంత సులభము కాదు. మైలుతుత్తపు నీరు, పొగాకునుండి తీసిన నికోటిను, కార్బన్ టెట్రాక్లోరైడు మొదలైనవి నాటి మందులు. మోతాదు తగ్గినచో నట్ట చావదు. మించినచో మేకయే చచ్చును. మనుష్యుల గతియు దీనికంటె మెఱుగు కాదు. బోదకాలు కలిగించు ఫైలేరియా పురుగునకు పాషాణము, ఆంటిమొనీ చేరిన సూదిమందులు వేసెడివారు. అవి రోగినే క్రుంగదీసెడివి. నోట మ్రింగిన మాత్ర రక్తములోనికి చేరి, అచ్చట తిరుగు పురుగుపిల్లలను తొలగించి, రోగిని మాత్రము బాధింపకుండవలెను. అట్టి మందును 1947లో లోకమునకు అందించిన పరిశోధకుల నాయకుడు తెలుగువాడు. మన మద్రాసులో చదివినవాడు.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12వ తేదీన గోదావరి సీమలోని భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథము గారు, తల్లి వెంకమ్మ గారు. బాల్యమున ఆయన చదువు సాగిన తీరు చూచినవా రెవరును ఆయనను మేధావి యని తలచి యుండరు. కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి పాఱిపోగా, తల్లి వెనుకకు రప్పించెనని చెప్పుదురు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసు తిరువల్లిక్కేణిలోని హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణులైరి. (పరీక్ష తప్పిన పిల్లవానిపై చేయి యెత్తబోవు తండ్రులు ఈ వాక్యమును మఱియొకమారు చదువుదురు గాక.)

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియేటు ముగించి ఆయన మద్రాసు వైద్యకళాశాలలో చేరిరి. గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించి తరగతికి పోవుట శస్త్రచికిత్స బోధించు ఆంగ్లేయ ఆచార్యునకు నచ్చలేదు. తుదకు ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మాఱుగా దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. సోదరులిద్దరు స్ప్రూ అను సంగ్రహణి జబ్బుచే కొలది దినముల యెడముతో మరణించిరి. ఆయనకును ఆ జబ్బే సోకగా, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యమువలన కోలుకొనిరి; పిదప ఆ లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరనిర్మాణశాస్త్రము బోధించిరి.

1922 అక్టోబరులో భార్య శేషగిరి గారిని స్వదేశమున విడిచి బోస్టను నగరము చేరిరి. మామగారును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థయు చేసిన సహాయము ప్రయాణమునకు చాలెను గాని అచ్చటి బ్రదుకునకు చాలలేదు. రాత్రులు ఆస్పత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడుగుచు, పగలు హార్వర్డులో ఉష్ణదేశ వ్యాధుల శాస్త్రము నభ్యసించిరి. ఫిస్కె అను ఆచార్యునితో కూడి 1925లో రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. ఆ పద్ధతియే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. అను పదార్థములను కనుగొనుటకు దారితీసెను. వానిని గూర్చి పై తరగతులలో చదువుకొందురు గనుక ఇచ్చట విస్తరింపను. ఇంత చేసినను హార్వర్డులో ఆయనకు స్థిరమైన పదవి దక్కలేదు.

1940లో న్యూయార్కు నగరమునకు చేరువనున్న పెర్ల్ రివర్ గ్రామమున లెడర్లీ మందుల సంస్థలో ప్రవేశించి, పరిశోధనశాఖకు అధిపతియైరి. ఆయన బృందము తయారుచేసిన ఫోలిక్ ఆమ్లము స్ప్రూ వ్యాధికి మందాయెను. సోదరులు పోయిన పాతికేండ్లకు!

అప్పుడు రెండవ ప్రపంచయుద్ధము జరుగుచుండెను. పసిఫిక్ దీవులలో దిగిన అమెరికా సైనికులు వేలకొలదిగా ఫైలేరియా బారిన పడిరి. వారికి అది వింత జబ్బు. గోదావరి తీరమున పుట్టినవానికి బోదకాలు వింత యగునా? పత్తిచేల ఎలుకలలో ఫైలేరియా జాతి పురుగు సహజముగా నుండును. రసాయనశాలలో సిద్ధమైన పదార్థముల నొకదాని వెంట నొకటిగా ఆ ఎలుకలకిచ్చి, హ్యూయిట్ అను శాస్త్రజ్ఞుడు వాని రక్తపు బొట్టును సూక్ష్మదర్శినిలో పరీక్షించుచుండెను. పిపరజీను వంశమునకు చెందిన యొక పదార్థము ఇచ్చినపుడు రక్తమునుండి పురుగుపిల్లలు మాయమయ్యెను. దాని పేరు డైఇథైల్ కార్బమజీను. అంగడి పేరు హెట్రజాన్. పోర్టోరికో దీవిలోని రోగులకు దానిని నోట ఇచ్చి, ఫలితమును 1947లో ప్రకటించిరి.

ఈ మందు పనిచేయు తీరు విచిత్రమైనది. పురుగుపిల్లలు మన రక్షకకణముల కన్నుగప్పి రక్తమున తిరుగుచుండును. మందు పడగానే ఆ మఱుగు తొలగును. శరీరమే వానిని గుర్తించి పట్టుకొనును. అవి కాలేయమున చిక్కి నశించును. తల్లిపురుగులు కొన్ని మిగిలిపోవును గనుక మందును మఱల మఱల వేయవలసి వచ్చును.

మనుష్యుల కొఱకు పుట్టిన ఈ మందు పశువుల కొట్టములోనికిని ప్రవేశించెను. ఆవు పొట్టలో, ప్రేగులకు వెలుపల, తెల్లని దారమువంటి సెటేరియా అను పురుగు నివసించును. ఆవునకు దానివలన చెప్పుకోదగిన బాధ లేదు. కాని ఆ ఆవును కుట్టిన దోమ కొన్నాళ్లకు మేకను కుట్టెనేని, పురుగుపిల్ల దారితప్పి మేక వెన్నుపాములోనికో మెదడులోనికో చొచ్చును. నిన్న గంతులిడిన మేక నేడు వెనుకకాళ్లు ఈడ్చును. ఇంటివారు వాత మనుకొందురు, దిష్టి యనుకొందురు. ఆరంభముననే గుర్తించి సుబ్బారావు గారి మందు ఇచ్చినచో కొన్ని మేకలు లేచి నడచును. నరములు పూర్తిగా చెడిన పిదప ఏ మందును పనిచేయదు. దూడల ఊపిరితిత్తులలో చేరి దగ్గు పుట్టించు నట్టలపైనను దీనిని వాడిరి.

దీని వంశమూలమైన పిపరజీను గేదెదూడలకు ప్రాణదాత యైనది. గేదెదూడ కడుపులోనికి ఏలికపాము పిల్లలు తల్లిపాలతోనే చేరును. అవి మూడు వారములకే పెద్దవై గ్రుడ్లు పెట్టసాగును. దూడ పాఱుకొని, చిక్కి, చచ్చును. అందుచే పది పదునాఱు దినముల ప్రాయముననే మందు త్రాగింపవలెను. పురుగులకు వెఱచి ముర్రుపాలు మాన్పించుట దూడను చేతులార చంపుటయే. మోతాదు దూడ బరువును బట్టి పశువైద్యుడు నిర్ణయింపవలెను. చాలీచాలని మోతాదు మాటిమాటికి పోసినచో, చావని నట్టలే మిగిలి సంతానము పెంచును, ఆ మందు ఆ మందకు పనికిరాకపోవును.

సుబ్బారావు గారు స్వదేశమునకు తిరిగి రానేలేదు. 1948 ఆగస్టులో, తమ 53వ యేట, నిద్రలోనే మరణించిరి. హెట్రజాన్ వెలువడి అప్పటికి ఒక్క యేడే గడచినది. 1955లో మన దేశమున ఆరంభమైన జాతీయ ఫైలేరియా నివారణ కార్యక్రమమునకు ఆ మందే ఆధారమాయెను. 1995లో ఆయన శతజయంతికి ప్రభుత్వము తపాలాబిళ్ల వెలువరించెను.

2018 చివరినుండి మన దేశమున ఫైలేరియా వ్యాపించిన కొన్ని జిల్లాలలో ఇంటింటికి వచ్చి మూడు విధముల మాత్రలు మ్రింగించుచున్నారు. అందు ఐవర్‌మెక్టిను, ఆల్బెండజోలు అనునవి మొదట పశువుల నట్టలకై తయారై, పిదప మనుష్యులకు వచ్చినవి. మూడవది సుబ్బారావు గారి మందు. ఆరోగ్యశాఖవారు దానిని డి.ఇ.సి. అను మూడక్షరములతో పిలుతురు.